నవ్వు ఆపుకోలేనివాళ్ళు మళ్ళీ కలిస్తే: కరోల్ బర్నెట్ షో రీయూనియన్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఏమిటీ షో? మాకు పేరు కూడా తెలియదు.

అమెరికాలో సీబీఎస్ చానల్లో 1967 సెప్టెంబరు 11న మొదలై, 1978 మార్చి 29న ముగిసిన వెరైటీ షో. వారానికో గంట. పాటలు, డాన్సులు, పేరున్న అతిథులు, వాటి మధ్య స్కిట్లు. 11 సీజన్లు నడిచింది, టీవీ రంగంలో ఇచ్చే ఎమ్మీ అవార్డులు 25 తెచ్చుకుంది. ముందుండి నడిపించింది కరోల్ బర్నెట్. ఆమె పక్కన హార్వీ కోర్మన్, వికీ లారెన్స్, లైల్ వాగొనర్ ఉండేవారు. టిమ్ కాన్వే ముందు అతిథిగా వస్తూ పోతూ ఉండి, 1975 నుంచి పూర్తిగా జట్టులో కలిశాడు. లాస్ ఏంజెలస్‌లోని సీబీఎస్ టెలివిజన్ సిటీలో, 33వ నంబరు స్టూడియోలో, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి తీసేవారు.

జనాన్ని కూర్చోబెట్టి తీసేవారన్న ముక్క గుర్తుంచుకోండి. కింద చెప్పేదంతా దాని మీదే నడుస్తుంది.

ఆ రోజుల్లో ఒక ఆడమనిషి పేరుతో వెరైటీ షో ఎలా ఇచ్చారు?

వాళ్ళు ఇవ్వలేదు, ఈవిడే పుచ్చుకుంది. సీబీఎస్‌తో ఆమెకు పదేళ్ళ ఒప్పందం ఉండేది. అందులో ఒక షరతు ఏమిటంటే, మొదటి ఐదేళ్ళలోపు ఆమె ఎప్పుడు అడిగినా గంట నిడివి వెరైటీ షో 30 ఎపిసోడ్లు ఇచ్చి తీరాలి. సంతకాలు పెట్టినవాళ్ళే ఆ సంగతి మర్చిపోయారు. ఐదో ఏడు ముగియడానికి వారం ఉందనగా ఈవిడ ఫోన్ చేసి, 'నా షో సంగతేమిటి?' అంది. అవతలాయన కంగారుపడి కాగితాలు తిరగేసుకుని, వెరైటీ అనేది మగవాళ్ళ వ్యవహారమని, మీకు 'హియర్స్ ఆగ్నెస్' అని చక్కటి సిట్‌కామ్ (హాస్య ధారావాహిక) ఒకటి ఉందని బుజ్జగించాడు. ఆవిడ కదల్లేదు.

ఈ కథను ఆమె ఎన్ని వేదికల మీద చెప్పిందో లెక్కలేదు. ఎప్పుడు విన్నా ఆ 'ఆగ్నెస్' దగ్గర నవ్వు వస్తుంది. ఆ సిట్‌కామ్‌కే ఒప్పుకుని ఉంటే మనం ఈ పేజీలో కలుసుకునేవాళ్ళమే కాదు.

రీయూనియన్లు ఎన్ని జరిగాయి?

టీవీలో చెప్పుకోదగ్గవి నాలుగు, అన్నీ సీబీఎస్‌లోనే. 1993 జనవరిలో మొదటిది. 2001 నవంబరు 26న 'షో స్టాపర్స్'. 2004 మేలో 'లెట్స్ బంప్ అప్ ద లైట్స్'. 2017 డిసెంబరు 3న యాభయ్యేళ్ళ పండగ. 2023లో ఆమె తొంభయ్యో పుట్టినరోజుకు ఎన్‌బీసీ అనే ఇంకో చానల్ ఒక ప్రత్యేక కార్యక్రమం చేసింది. అది పుట్టినరోజు వేడుక, రీయూనియన్ కిందికి రాదు.

ఒక్కటే చూసే తీరిక ఉంటే 2001ది చూడండి. ఎందుకో కిందే చెబుతాను.

2001 రీయూనియన్‌కి అంత పేరెందుకు వచ్చింది?

చూసినవాళ్ళు దాదాపు 3 కోట్ల మంది. ఆగిపోయి 23 ఏళ్ళయిన షోకి ఆ సంఖ్య ఎవరూ ఊహించలేదు. సెప్టెంబరు 11 దాడులు జరిగి అప్పటికి రెండున్నర నెలలు. జనం మనసారా నవ్వి చాన్నాళ్ళయిందని, అందుకే టీవీల ముందు చేరారని అంటారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ కార్యక్రమం కట్టిన తీరులోనే అసలు బలం కనిపిస్తుంది.

మామూలుగా రీయూనియన్ అంటే పాత దృశ్యాలు వేస్తారు, కళ్ళు తుడుచుకుంటారు, ఒకరినొకరు పొగుడుకుంటారు. ఇక్కడ ఆ పొగడ్తలు పక్కన పెట్టి, పాడైపోయిన టేకులు బయటికి తీశారు. నవ్వాపుకోలేక డైలాగు మింగేసినవి, పక్కవాడి మీద వాలిపోయినవి, పాత్రను గాలికొదిలేసినవి. వాటికి కారకులైన నలుగురూ అక్కడే కూర్చుని ఉన్నారు: కరోల్, కోర్మన్, కాన్వే, వికీ. పాత దృశ్యంలో కోర్మన్ నవ్వు ఆపుకోలేక గిలగిల్లాడుతుంటాడు, ఇక్కడ నెరిసిన జుట్టు కోర్మన్ అదే దృశ్యం తలుచుకుని మళ్ళీ నవ్వుతుంటాడు. ఆయన పక్కన కాన్వే, ముప్పయ్యేళ్ళ కింద చేసిన నేరానికి ఇవాళ కూడా పశ్చాత్తాపం లేని ముఖంతో. స్కిట్లు యూట్యూబ్‌లో విడివిడిగా దొరుకుతాయి. ఈ ముఖాల కోసం మాత్రం రీయూనియనే చూడాలి.

అన్నిటిలోకీ మీకు నచ్చిన ఘట్టం ఏది?

పళ్ళ డాక్టరు. ఇందులో నాకు రెండో మాట లేదు.

1969 నాటి స్కిట్. కాన్వే అప్పుడే చదువు ముగించిన డెంటిస్టు, కోర్మన్ అతని మొట్టమొదటి పేషెంటు. పన్ను పీకాలి. దానికి ముందు తిమ్మిరెక్కే ఇంజెక్షను ఇవ్వాలి. డాక్టరు ఆ సూది పొరపాటున తన చేతికే పొడుచుకుంటాడు. చెయ్యి చచ్చుబడి వేలాడుతుంది. ఆ తర్వాత కాలికి. కాలు ఈడ్చుకుంటూ కుర్చీ చుట్టూ తిరుగుతాడు. ఆ తర్వాత సూది నుదుటికే తగులుతుంది.

కథంతా ఇంతే. చూడాల్సింది కోర్మన్‌ని. ఆయన పని నోరు తెరుచుకుని నొప్పితో మూలగడం. మొదట పెదవి కొరుక్కుంటాడు. తర్వాత చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుంటాడు. ఇంకాసేపటికి కుర్చీలో పక్కకి తిరిగిపోతాడు. ముఖం కనపడదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతుంటాయి. పన్నునొప్పితో ఏడుస్తున్నట్టు నటించబోతాడు గానీ ఆ ఏడుపు రెండో క్షణంలోనే నవ్వయిపోతుంది. కాన్వే ఇదంతా చూస్తూనే ఉంటాడు. తొందర పడడు, నవ్వడు. చచ్చుబడిన చేతిని మంచి చేత్తో ఎత్తి ఎక్కడ పెట్టాలా అని తీరిగ్గా ఆలోచిస్తాడు. ఆ తీరికే కోర్మన్‌ని చంపేసింది.

కోర్మన్ ఆ రోజు నవ్వి నవ్వి ప్యాంటు తడుపుకున్నాడని కాన్వే జీవితాంతం చెప్పుకుంటూ తిరిగాడు. తాను సైన్యంలో ఉండగా ఒక డెంటిస్టు తనకివ్వబోయిన ఇంజెక్షను చెంప దాటి ఆయన బొటనవేలికే గుచ్చుకుందని, స్కిట్ అక్కణ్ణుంచే పుట్టిందని కూడా చెప్పేవాడు. కాన్వే చెప్పే కథల్లో ఉప్పూకారం ఎంతో తేల్చడం కష్టం, తేల్చే అవసరం కూడా నాకు కనపడదు.

'ఏనుగు కథ' అంటారు కదా, అదేమిటి?

1977 నాటిది, 'ద ఫ్యామిలీ' స్కిట్ల వరసలోది. ఎప్పుడూ తగవులాడుకునే, అమెరికా దక్షిణాదికి చెందిన ఒక కుటుంబం. కూతురు యూనిస్‌గా కరోల్, తల్లి 'మామా'గా వికీ. ఆ రోజు వాళ్ళింటికి వచ్చిన మిక్కీ అనే నెమ్మది మనిషిగా కాన్వే. హాస్యనటుడు డిక్ వాన్ డైక్ కూడా ఉన్నాడు. అందరూ కూర్చుని 'పాస్‌వర్డ్' అనే మాటల ఆట ఆడుతుంటారు. ఆట మధ్యలో కాన్వే ఒక ఏనుగు కథ ఎత్తుకుంటాడు.

రిహార్సల్లో వాళ్ళు విన్న కథ వేరు. ఇది అప్పటికప్పుడు పుట్టిన కొత్త కథ: సర్కస్‌లో చూసిన అవిభక్త కవల ఏనుగులు, తొండాల దగ్గర అతుక్కుపోయి ఉన్నాయట. పాపం వాటి ఘీంకారం ఎలా ఉంటుందో కూడా నోటితో చేసి చూపిస్తాడు. కరోల్ ముఖం దాచేసుకుంటుంది. వాన్ డైక్ ఒరిగిపోతాడు. కాస్త తేరుకుని ఆట మొదలుపెట్టబోతే కాన్వే ఇంకో పోగు లాగుతాడు. కరోల్ మళ్ళీ గొంతు సవరించుకుంటుంది, ఇంకో పోగు వస్తుంది. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి.

ఇంతసేపూ వికీ ముసలావిడ వేషంలో, ముసలావిడ ముఖంతో, కిమ్మనకుండా కూర్చుని ఉంటుంది. చివర్లో కాన్వే ఊపిరి తీసుకోవడానికి ఆగగానే, ఒకే ఒక్క వాక్యం అంటుంది. ఆ వెధవ వాగుడు అయిపోయినట్టేనా అని. 'వెధవ' అన్న చోట ఆవిడ వాడిన మాట టీవీలో పలకరానిది. అక్కడితో అందరూ కుప్పకూలిపోయారు. అప్పట్లో అది అలా ప్రసారం కాలేదు, తర్వాతి కాలంలో బ్లూపర్ల (పాడైన టేకుల) పుణ్యాన బయటికొచ్చి షో మొత్తానికీ పేరుమోసిన దృశ్యమైంది.

నా లెక్కలో దీని ఘనత కాన్వేది కాదు, వికీది. కాన్వే అందరినీ పదేళ్ళుగా పడగొడుతూనే ఉన్నాడు. కాన్వేని పడగొట్టింది ఆ ఒక్కరాత్రి ఆవిడే. అప్పటికి ఆమె వయసు 28.

నటులు పాత్రలో ఉండి నవ్వేయడం తప్పు కాదా? కావాలనే చేసేవారా?

కావాలని ఎప్పుడూ చెయ్యలేదని కరోల్ పదేపదే చెప్పింది. ఆ మాట నేను నమ్ముతాను, ఎందుకంటే కావాలని నవ్వేవాడు నవ్వు దాచుకోవడానికి అంత అవస్థ పడడు.

పని జరిగే పద్ధతి తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. శుక్రవారం రెండు విడతలు ఉండేవి. ముందు డ్రెస్ రిహార్సల్, ఆ తర్వాత అసలు షో. రెండిటికీ వేర్వేరు ప్రేక్షకులు, రెండూ టేపు చేసేవారు. కాన్వే మొదటి విడతలో రాసింది రాసినట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చేసేవాడు. అయ్యాక డైరెక్టర్ దగ్గరికెళ్ళి కావలసిన షాట్లన్నీ వచ్చాయా అని అడిగేవాడు. వచ్చాయంటే ఇక రెండో విడతలో పగ్గాల్లేవు. జేబులో ఏం పెట్టుకొచ్చాడో ఎవరికీ తెలియదు. అంటే అల్లరి వెనక పక్కా ఏర్పాటు ఉంది: సరైన టేకు ఒకటి ముందే భద్రంగా ఉంది.

రెండోది, కరోల్ ఆపి ఆపి తీయడానికి ఒప్పుకునేది కాదు. నాటకంలా ఏకబిగిన నడవాలి, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి విసుగు రాకూడదు అనేది ఆమె పట్టు. కాబట్టి నవ్వొచ్చినా కట్ చెప్పేవాడు లేడు, అందులోంచే ఈదుకుంటూ బయటపడాలి. మన పౌరాణిక నాటకాల్లో జనం 'ఒన్స్ మోర్' కొడితే, చచ్చి పడివున్న పాత్ర కూడా లేచి నిలబడి పద్యం మళ్ళీ అందుకునేదని పెద్దవాళ్ళు చెబుతారు. పాత్ర భగ్నమైందని ఎవరూ టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడగలేదు. నటుడికీ జనానికీ మధ్య అలాంటి ఒప్పందం కుదిరితే అది తప్పు కాదు.

ఈ రోజుల్లో కొన్ని కామెడీ షోలలో జడ్జీలు, పక్కనున్న నటులు పంచ్ పడకముందే నవ్వడం మొదలుపెడతారే, దానికీ దీనికీ పోలిక పెట్టకండి.

ఆ కర్టెన్ గౌను సంగతి?

ఇది తెలియాలంటే నేపథ్యం కొంచెం కావాలి. 'గాన్ విత్ ద విండ్' సినిమాలో కథానాయిక చేతిలో డబ్బు లేక, కిటికీకున్న ఆకుపచ్చ వెల్వెట్ పరదాలు దించి గౌను కుట్టించుకుంటుంది. 1976 నవంబరులో ఆ సినిమా మొట్టమొదటిసారి అమెరికా జాతీయ చానల్లో, ఎన్‌బీసీలో రెండు రాత్రులు వేశారు. దేశమంతా చూసింది. అదే వారం, నవంబరు 13న, కరోల్ షోలో దాని పేరడీ 'వెంట్ విత్ ద విండ్!' పడింది. కరోల్ స్టార్లెట్ ఓ'హారా, కోర్మన్ రాట్ బట్లర్.

స్క్రిప్టులో ఉన్నది, ఆమె పరదాలు ఒంటికి చుట్టుకుని మెట్లు దిగుతుందని. కాస్ట్యూమ్ డిజైనర్ బాబ్ మాకీకి అది ఆనలేదు. ఆయన పరదా కడ్డీతో సహా గౌను కుట్టాడు. భుజాల మీద ఈ చివర్నుంచి ఆ చివరకి అడ్డంగా కడ్డీ, దానికి రింగులు, కిందికి జారుతున్న ఆకుపచ్చ వెల్వెట్, బంగారు కుచ్చులు. కరోల్ మెట్ల పైన నిలబడగానే హాలు ఊగిపోయింది. కోర్మన్ గౌను బాగుందని మెచ్చుకుంటే, షాపు కిటికీలో చూసి మనసాగక కొనేశానన్న ధోరణిలో ఆవిడ జవాబు. ఆ నవ్వు ఆగేదాకా కాచుకుని నిలబడటమే నటన అక్కడ. ముఖంలో రవ్వంత గర్వం మాత్రం చూపిస్తూ, ఆవిడ కాచుకుంది.

ఈ ఒక్క దృశ్యంలో కరోల్ నవ్వలేదు చూడండి. పెదవి కూడా కదలదు. మిగతా దృశ్యాల్లో నవ్వు ఆపుకోలేకపోయిన మనిషి, అవసరమైన చోట ఎంత గట్టి నటో ఇక్కడ తెలుస్తుంది. ఆ గౌను ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ వారి అమెరికా చరిత్ర మ్యూజియం సేకరణలో ఉంది.

మిసెస్ విగ్గిన్స్ నడక కూడా మాకీ చలవేనా?

అవును. మిసెస్ విగ్గిన్స్ అంటే కరోల్ వేసిన సెక్రటరీ పాత్ర. స్క్రిప్టులో ఆవిడ ముసలావిడ. మాకీ అదంతా మార్చి బిగుతు స్కర్టు, ఎత్తు మడమలు, పసుప్పచ్చ జుట్టు పెట్టాడు. స్కర్టు వెనక వదులుగా వేలాడుతోందని కరోల్ అంటే, బిగించడం మానేసి, నువ్వే వెనక్కి తోసి దాన్ని నింపు అన్నాడట. ఆ నడక అలా పుట్టింది. దానికి తోడు కాన్వే, ఆవిడ యజమాని మిస్టర్ టడ్‌బాల్‌గా ఏ దేశానికీ చెందని యాసలో 'మిసెస్ అహ్-విగ్గిన్స్' అని అరుస్తుంటాడు. భాష రాకపోయినా నవ్వు తెప్పించే స్కిట్లు ఇవే.

వికీ లారెన్స్ స్కూలు పిల్లగా ఉండగానే వచ్చిందంటారు, నిజమేనా?

నిజమే. ఇంగిల్‌వుడ్‌లో హైస్కూలు చివరి ఏడాది చదువుతూ, నువ్వు కరోల్ బర్నెట్‌లా ఉన్నావని నలుగురూ అంటుంటే ఆమెకే ఉత్తరం రాసింది. ఒక పత్రిక కత్తిరింపు జతచేసి, ఊళ్ళో అగ్నిమాపక దళం వాళ్ళ 'మిస్ ఫైర్‌బాల్' పోటీలో పాల్గొంటున్నానని కూడా రాసింది. కరోల్ అప్పుడు నిండు గర్భిణి. అయినా ఆ పోటీకి వెళ్ళి కూర్చుంది. షోలో తన చెల్లెలి పాత్రకి ఒక అమ్మాయి కావాలి మరి. ఏ రంగస్థల అనుభవమూ లేని పద్దెనిమిదేళ్ళ పిల్లను దేశవ్యాప్త షోలోకి తీసుకున్నారు. ఆమెకు పని నేర్పింది ఎక్కువగా కోర్మన్ అని వికీ ప్రతి రీయూనియన్లోనూ, ప్రతి ఇంటర్వ్యూలోనూ చెబుతుంది.

కోర్మన్ రాక ఇంకో తమాషా. 'హార్వీ కోర్మన్ లాంటివాడు కావాలి' అని వెతుకుతున్నారట. ఆయన చేస్తున్న డానీ కే షో అప్పుడే ఆగిపోయింది. లాంటివాడెందుకు, ఆయన్నే అడుగుదామని కరోల్ సీబీఎస్ పార్కింగులో పట్టుకుని అడిగేసింది.

'మామా' పాత్ర వికీకి ఎలా వెళ్ళింది? వయసు సరిపోదు కదా.

రచయితలు కరోల్‌ని మామాగా అనుకున్నారు. చదివాక కరోల్ నేను యూనిస్ చేస్తానంది. మామా వికీ వాటాకొచ్చింది. తల్లి కూతురికంటే 16 ఏళ్ళు చిన్నది! దానికి దక్షిణాది యాస కలిపింది కూడా వీళ్ళిద్దరే, రాసినవాళ్ళకి అది మొదట బొత్తిగా నచ్చలేదు.

కరోల్ చెప్పే విషయం ఒకటుంది. ఒక రిహార్సల్లో సరదాకి 'ఫ్యామిలీ' స్కిట్‌ను యాస లేకుండా, ఎకసెక్కాలు లేకుండా, మామూలు కుటుంబ నాటకంలా చేసి చూశారట. మాటలు అవే. అయ్యేసరికి గదిలో ఎవరికీ నవ్వు రాలేదు, కడుపులో దేవినట్టయింది. ఇది విన్నాక ఆ స్కిట్లు మళ్ళీ చూస్తే, యూనిస్ గొంతు పెంచే ప్రతిచోటా అడుగున ఇంకోటేదో వినిపిస్తుంది. ఈ పాత్రలు స్కిట్లతో ఆగలేదు. 1982లో 'యూనిస్' అనే టీవీ సినిమా, 1983 నుంచి 1990 దాకా 'మామాస్ ఫ్యామిలీ' సిట్‌కామ్ వచ్చాయి.

2004 కార్యక్రమం పేరు అలా ఎందుకు పెట్టారు?

షో మొదట్లో కరోల్ వచ్చి 'బంప్ అప్ ద లైట్స్', అంటే లైట్లు పెంచండి అనేది. హాల్లో దీపాలు వెలిగితే జనం ముఖాలు కనపడతాయి. వాళ్ళు ఏది అడిగినా అక్కడికక్కడ జవాబు చెప్పేది. ముందుగా రాసుకున్న ప్రశ్నలు లేవు, ముందే మాట్లాడుకుని కూర్చోబెట్టిన మనుషులు లేరు. మొదట ఆవిడకే భయమట: ఎవరూ ఏమీ అడగకపోతే? అడిగితే నాకు చెప్పడం రాకపోతే? తర్వాత్తర్వాత అదే షోకి ముఖద్వారం అయింది. టార్జాన్ కేక వెయ్యమని ఎవరో ఒకరు అడక్క మానరు, ఆవిడ వెయ్యకా మానదు. షో ఆగిపోయాక దశాబ్దాలపాటు ఊరూరా తిరిగి ఇవే ప్రశ్నోత్తరాలతో హాళ్ళు నింపింది.

షో చివర్లో కరోల్ తన చెవి ఎందుకు లాక్కునేది?

పెంచిన అమ్మమ్మ కోసం. హాలీవుడ్‌లో ఒక్క గది ఇంట్లో ఆవిడ దగ్గరే పెరిగింది. టీవీలో నుంచి 'బాగున్నాను, నువ్వంటే ఇష్టం' అని చెప్పే సైగ అది.

లైల్ వాగొనర్ గురించి పెద్దగా మాట్లాడరేం?

1974లోనే వెళ్ళిపోయాడు కాబట్టి. అందగాడి పాత్రలకి తీసుకున్నారు, తన అందం మీద తానే జోకులు వేసుకునేవాడు. ఆయన తరఫున ఒక దృశ్యం మాత్రం తప్పకుండా చూడండి. ఆయన పట్టుబడ్డ అమెరికన్ సైనికుడు, కాన్వే విచారణ చేసే నాజీ అధికారి. మాట రాబట్టడానికి కాన్వే ఒక చిన్న హిట్లర్ చేతిబొమ్మ తీసి దానిచేత పాట పాడిస్తాడు. వీరసైనికుడు ముఖం గట్టిగా పెట్టుకోవాలి. పెట్టుకోలేకపోయాడు. తర్వాత 'వండర్ వుమన్'లో చేశాడు, షూటింగులకి ట్రెయిలర్లు అద్దెకిచ్చే వ్యాపారంలో బాగా నిలదొక్కుకున్నాడు.

2017 యాభయ్యేళ్ళ వేడుక ఎలా ఉంది?

అదే 33వ నంబరు స్టూడియోలో చేశారు, అది గొప్ప ఆలోచన. కరోల్‌కి 84 ఏళ్ళు. వికీ, వాగొనర్, మాకీ వచ్చారు. జిమ్ క్యారీ, స్టీఫెన్ కోల్‌బేర్, మాయా రుడోల్ఫ్, బిల్ హేడర్ లాంటి తర్వాతి తరంవాళ్ళు వచ్చి, మేం మిమ్మల్ని చూసే ఈ పనిలోకి వచ్చామని చెప్పారు. కోర్మన్ 2008లోనే వెళ్ళిపోయాడు. కాన్వే రాలేదు.

ముక్కుసూటిగా చెబితే, ఇది రీయూనియన్ కంటే సన్మానసభకు దగ్గర. పొగడ్తలు ఎక్కువయ్యాయి. కోర్మన్, కాన్వేలు లేని చోట నవ్వుకి ఎదురుదెబ్బ వేసేవాడు లేడు. అయినా మాకీ, కరోల్ పక్కపక్కన కూర్చుని బట్టల గురించి మాట్లాడుకునే భాగం బాగుంటుంది. 11 ఏళ్ళూ ప్రతివారం ప్రతి వేషం ఆయనే కుట్టించాడు మరి. ఆ ఇద్దరి మధ్య సభామర్యాదలు ఉండవు.

ఇప్పుడు ఎవరెవరు ఉన్నారు?

కాన్వే 2019 మే 14న, వాగొనర్ 2020 మార్చి 17న చనిపోయారు. కోర్మన్ 2008లోనే పోయాడు కాబట్టి, 2001లో కలిసి కూర్చున్న నలుగురిలో ఇద్దరు మగవాళ్ళూ లేరు. కాన్వే, కోర్మన్ ఇద్దరూ 2000ల్లో 'టుగెదర్ అగైన్' పేరుతో ఊళ్ళు తిరిగి స్టేజి మీద కలిసి ఆడారు. కరోల్ తొంభైకి చేరువలోనూ, దాటాక కూడా నటించింది. 'బెటర్ కాల్ సాల్' చివరి సీజన్లో, ఆ తర్వాత 'పామ్ రాయల్'లో చూసేవుంటారు.

పాత ఎపిసోడ్లు అరగంటవే దొరుకుతున్నాయి, గంటవి ఏమయ్యాయి?

షో చివరి రోజుల్లో మళ్ళీ మళ్ళీ వేసుకోవడానికి 'కరోల్ బర్నెట్ అండ్ ఫ్రెండ్స్' అని అరగంట ముక్కలుగా కోశారు. పాటలు, డాన్సులు తీసేసి స్కిట్లే ఉంచారు. తరతరాలు చూసింది అదే. అందులోనూ మొదటి ఐదు సీజన్లు లేవు. వాటి యాజమాన్యం తగువులో చాలాకాలం బయటికి రాలేదు, 2015లో 'లాస్ట్ ఎపిసోడ్స్' పేరుతో డీవీడీలుగా వచ్చాయి. షోకి సొంత యూట్యూబ్ చానల్ ఉంది, పైన చెప్పిన స్కిట్లలో ఎక్కువ భాగం అక్కడ దొరుకుతాయి.

ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇంట్లో పెద్దవాళ్ళతో కూర్చుని చూడొచ్చా?

చూడొచ్చు. పళ్ళ డాక్టరు స్కిట్‌కి మాటలతో పనే లేదు. కాన్వే 'అతి ముసలివాడు' వేషం కూడా అంతే. తెల్లజుట్టు, అంగుళం అంగుళం జరిగే అడుగులు. గడియారాలు బాగుచేసేవాడిగా, ఓడ కెప్టెన్‌గా, ఎక్కడ పడేసినా అదే నడక, పక్కన కోర్మన్ అదే యాతన. ఏనుగు కథ మాత్రం మాట అర్థమైతేనే, పిల్లలు పక్కన లేకపోతేనే. 'ఫ్యామిలీ' స్కిట్లకి ఆ యాస పట్టుబడాలి, కాస్త ఓపిక కావాలి. కర్టెన్ గౌనుకి ముందు సినిమా కథ రెండు ముక్కల్లో చెప్పేస్తే చాలు.

ముందు పాత స్కిట్లు చూడాలా, రీయూనియన్ చూడాలా?

పళ్ళ డాక్టరు స్కిట్ ఒక్కటి పూర్తిగా చూసి, తర్వాత 2001 కార్యక్రమంలోకి వెళ్ళండి. కోర్మన్ ఎంత యాతన పడ్డాడో ముందే తెలిసివుంటే, అక్కడ ఆయన పక్క కుర్చీలో కాన్వే ఎంత తాపీగా కూర్చున్నాడో ఎవరూ చెప్పకుండానే కంటపడుతుంది. 2004ది మధ్యలో ఎప్పుడైనా పరవాలేదు. 1978 నాటి రెండు గంటల ఆఖరి ఎపిసోడ్‌ను మాత్రం అన్నిటికంటే చివర పెట్టుకోండి. కరోల్ చిన్నప్పటినుంచి ఆరాధించిన సినీనటుడు జిమ్మీ స్టూవర్ట్ అందులో చెప్పాపెట్టకుండా స్టేజి మీదికి వస్తాడు. ఎంత ఆలోచించుకుని వచ్చిందో గానీ, ఆయన్ని చూడగానే ఆవిడ నోట మాట రాదు.